ఓజోను వాయువు: వైరసు నిర్మూలనము

మూడు ఆమ్లజని పరమాణువులు కూడుటచే నేర్పడు వాయువు ఓజోను. పిడుగులతో కూడిన వాన వెలిసిన పిదప పొలముగట్లపై సోకు చురుకైన వాసనలో దీని పాలు గలదు. ఖమ్మము జిల్లాలోని నేలకొండపల్లి వంటి మండల కేంద్రములలో పాత జిరాక్సు యంత్రము ఎడతెగక తిరుగుచున్నప్పుడు ముక్కునకు తగులు ఘాటును ఇట్టిదే.

1785లో వాన్ మారమ్ అను డచ్చి శాస్త్రజ్ఞుడు విద్యుద్యంత్రము చెంత ఈ వాసనను గుర్తించెనే గాని, అది యే పదార్థముదో ఎరుగజాలకపోయెను. బాసెల్ నగరమున ఆచార్యుడైన షోన్‌బైన్ 1839లో నీటిని విద్యుత్తుచే విశ్లేషించుచు ఆ వాసననే పసిగట్టి, గ్రీకున ‘వాసన వేయునది’ అను నర్థము గల పేరు దీనికి పెట్టెను. 1857లో వెర్నర్ సీమెన్స్ ఒకదానిలో నొకటి యిమిడిన గాజుగొట్టముల నడుమ గాలిని పారించి, విద్యుత్తు సోకించి ఓజోనును పుట్టించు పరికరమును నిర్మించెను. నేటి యంత్రములు పెక్కు దాని సంతతియే. 1893లో హాలండులోని ఔడ్స్‌హూర్న్ వద్ద రైను నదీజలమును, 1906లో ఫ్రాన్సున నీస్ నగర జలమును ఓజోనుతో శుద్ధిచేయసాగిరి. పిమ్మట క్లోరిను చౌకయగుటచే ఓజోను వెనుకబడెను.

అంతవరకును దృష్టి బాక్టీరియాపైననే. 1943లో కెస్సెల్ బృందము అమెరికాలో పోలియో వైరసుపై ఓజోనును, క్లోరినును పోల్చి, ఓజోనే మిక్కిలి శీఘ్రముగా పనిచేయునని తెలిపెను. 1960 దశకమున పారిస్ పరిశోధకులు లీటరు నీట 0.4 మిల్లీగ్రాముల ఓజోను 4 నిమిషములు నిలిచినచో పోలియో వైరసు నిర్వీర్యమగునని తేల్చగా, ఫ్రెంచి జలశుద్ధి కేంద్రములకు అదియే ప్రమాణమయ్యెను. వైరసుపై తొడుగున్నచో దాని కొవ్వును, లేనిచో పైనున్న మాంసకృత్తుల కవచమును, అటుపై జన్యుపదార్థమును ఓజోను ఆక్సీకరించి చెరచును.

ఇంతటి ప్రతాపమునకు మూలము దాని అస్థిరతయే, లోపమును అదియే. నీటిలో అది కొలది నిమిషములలోనే సగమునకు తరిగిపోవును, ఎండకాలమున మరింత త్వరగా. మన యూళ్ళలో 20 లీటర్ల టిన్నులు నింపు ప్లాంట్లలో వడపోత ముగిసిన నీటికి తుదిగా ఓజోను పట్టించి వెంటనే మూత బిగించుట అందుకే సాగుచున్నది. ఓవర్‌హెడ్ ట్యాంకు నుండి వీధి వీధికి పారు గొట్టపు నీటికి మాత్రము, కొళాయి వఱకు వెంటనంటి వచ్చు క్లోరినో, బ్లీచింగు పొడియో తప్పదు. నీట బ్రోమైడు లవణమున్నచో ఓజోను దానిని బ్రోమేటుగా మార్చును. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనికి విధించిన మితి లీటరునకు 10 మైక్రోగ్రాములు.

2020లో కరోనా వ్యాపింపగా జపానులోని ఫుజిటా ఆరోగ్య విశ్వవిద్యాలయము, గాలిలో పదిలక్షల పాళ్ళకు 0.05 నుండి 0.1 పాలు ఓజోను ఉన్నను, కొన్ని గంటలలో ఆ వైరసు క్షీణించునని ప్రకటించెను. అదే యేట హైదరాబాదులోని రక్షణ పరిశోధనశాలయగు ఆర్.సి.ఐ. సెల్‌ఫోనులను, కరెన్సీ నోట్లను శుద్ధిచేయు పెట్టెకు ఓజోనును గాక అతినీలలోహిత కిరణములను ఎన్నుకొనెను. నాకు తోచినంతలో అది వివేకమే. ఏలయన 8 గంటలు పనిచేయువారికి అమెరికా విధించిన మితియు ఆ 0.1 పాలే గాన, వైరసును నిమిషములలో చంపగల మోతాదు ఊపిరితిత్తులను గాయపఱచకమానదు. కావున ఓజోను యంత్రమును మనుష్యులు లేని గదిలోనే నడుపవలెను. ఆపిన పిమ్మట తలుపులు, కిటికీలు తెఱచి, వాసన పూర్తిగా పోయిన తరువాతనే లోన అడుగిడవలెను.