పిల్లి కంటిగూటి ఎముకలో గడ్డ: ఆపరేషన్‌కు ముందు తెలుసుకోవాల్సినవి

మా పిల్లి కుడికన్ను కాస్త ముందుకు వచ్చినట్టు కనిపిస్తే పంటి చీమేమో అనుకుని రెండుసార్లు యాంటీబయాటిక్స్ వాడాం. తగ్గలేదు. స్కాన్ తీశాక కంటిగూటి ఎముక మీద గడ్డ అని తేలింది. ఆ కొన్ని వారాలు ఊరికే పోయాయన్న బాధతోనే ఇది రాస్తున్నాను.

పొరపాటు పడటానికి కారణం ఉంది. పిల్లి కంటిగూటికి అడుగున ఎముక ఉండదు, మెత్తటి కండే. అందుకే పై దవడ వెనక పళ్ల చీము సులువుగా కంటి వెనక్కి చేరుతుంది. అయితే చీము పడితే ఒకటి రెండు రోజుల్లోనే వాపు వస్తుంది, నోరు తెరవబోతే పిల్లి విలవిల్లాడుతుంది. గడ్డ నెమ్మదిగా పెరుగుతుంది, మొదట్లో నొప్పి పెద్దగా ఉండకపోవచ్చు. మూడో రెప్ప పైకి వచ్చి ఉండటం, కన్ను ఓ పక్కకు తిరగడం గమనించండి. మందుతో తగ్గకపోతే సీటీ స్కాన్ అడగండి.

పిల్లుల కంటిగూటిలో వచ్చే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్లే. ఎముకలో పుట్టేవాటిలో ఆస్టియోమా ప్రమాదం లేనిది, ఆస్టియోసార్కోమా క్యాన్సర్. ఇక్కడ ఒక ఊరట ఉంది. కుక్కల్లో ఆస్టియోసార్కోమా త్వరగా ఊపిరితిత్తులకు పాకుతుంది, పిల్లుల్లో అలా పాకడం చాలా తక్కువ. పూర్తిగా తీసేయగలిగితే ఏళ్ల తరబడి బతికే అవకాశం ఉంది. కానీ లింఫోమా అయితే కత్తి కాదు, కీమోథెరపీ కావాలి. అందుకే ముందు బయాప్సీ.

గడ్డ గూటి అంచున ఉంటే ఆ ఎముక ముక్కను చుట్టూ కొంత మంచి భాగంతో సహా కోసి, కన్ను నిలపవచ్చు. కంటి వెనక అంతా ఆక్రమిస్తే కన్నుతోపాటు గూటిలో ఉన్నదంతా తీసేస్తారు. కన్ను కాపాడాలని కొంత గడ్డ వదిలేస్తే అది మళ్లీ పెరుగుతుంది.

సర్జన్‌ను రెండు విషయాలు అడగండి. పిల్లి కంటి నరం పొట్టిది, కన్ను తీసేటప్పుడు గట్టిగా లాగితే రెండో కంటి చూపూ పోవచ్చు. అలాగే ఆపరేషన్ అంతసేపూ నోరు బాగా తెరిచి బిగిస్తే మెదడుకు, కళ్లకు రక్తం తగ్గి గుడ్డితనం రావచ్చు. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి, అనుభవం ఉన్నవారు చక్కగా వివరిస్తారు.

ఇంటికి తెచ్చాక మెడకు కోన్ తీయకూడదు. సైనస్ తెరిచి ఉంటే చర్మం కింద గాలి చేరి పొంగినట్టు కనిపించవచ్చు, వెంటనే డాక్టర్‌కు చెప్పండి. నొప్పికి మన అలవాటు కొద్దీ టైలనాల్, పెనడాల్, క్రోసిన్ లాంటివి ముక్క కూడా వేయొద్దు. పారాసెటమాల్ పిల్లికి ప్రాణాంతకం.

స్కాన్, బయాప్సీ, ఆపరేషన్ ఖర్చులు విడివిడిగా రాసి ఇమ్మనండి. గడ్డ కనిపించాక కొన్న పెట్ ఇన్సూరెన్స్ సాధారణంగా దానికి పనికిరాదు, పాలసీ ఉంటే స్కాన్‌కు ముందే ఫోన్ చేయండి.