పర్యావరణ అధ్యయనం (డిగ్రీ పాఠ్యాంశం)

ఏ కోర్సు చదివే డిగ్రీ విద్యార్థికైనా తప్పనిసరైన మౌలిక పాఠ్యాంశం. న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1991 నవంబరు 22న ఇచ్చిన తీర్పు దీనికి మూలం. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం 2003లో ఆరు నెలల ఉమ్మడి ప్రణాళిక రూపొందించింది. అందులో 8 యూనిట్లు, 50 తరగతులు. సహజ వనరులు, ఆవరణ వ్యవస్థలు, జీవవైవిధ్యం, కాలుష్యం, జనాభా వంటివి వాటిలో అంశాలు.

చివరి యూనిట్ క్షేత్ర పరిశీలన. చాలాచోట్ల తూతూమంత్రంగా సాగేదీ ఇదే. నిజానికి చీడికాడ మండలం (పూర్వం విశాఖపట్నం జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా) లాంటి చోట పాఠమంతా కళ్లెదుటే ఉంటుంది. తూర్పు కనుమల అంచున బొడ్డేరు మీద కోనాం జలాశయం ఉంది. ఆ ఏరు దిగువన శారదా నదిలో కలుస్తుంది. కొండ మీద అడవి పలచబడితే వానకు మట్టి కొట్టుకొచ్చి జలాశయాల్లో పూడిక పేరుకుంటుంది, పారే ఆయకట్టు తగ్గుతుంది. వనరులు, ఆవరణ వ్యవస్థ అనే రెండు యూనిట్లూ అక్కడే అర్థమవుతాయి.

ఈ ప్రాంతంలో బెల్లం వండే చోట్లూ చూడదగ్గవే. రసం తీశాక మిగిలిన చెరకు పిప్పిని ఎండబెట్టి, పెనం కింద పొయ్యిలో అదే మండిస్తారు. వ్యర్థమే ఇంధనం, కానీ పొగ గాలిలోకే పోతుంది. బెల్లానికి తెల్లటి రంగు రావాలని హైడ్రోస్ అనే రసాయనం కలిపితే అది ఆహార కల్తీ సమస్య.

2003 ప్రణాళిక ప్రకారం పరీక్షకు 100 మార్కులు. అందులో 25 క్షేత్ర పరిశీలనకే.