జారిపోయిన రాజ్యం

తప్పుకూ పొరపాటుకూ తేడా మన పిల్లలకు కూడా తెలుసు. పొరపాటు చేసినవాణ్ణి సరిదిద్దుతాం. తప్పు చేసినవాణ్ణి నిలదీస్తాం. ఇంగ్లీషులోనూ ఇలాంటి మాటలు ఎన్నో ఉన్నాయి. అన్నిటికీ 'తప్పు' అని ఒకే అర్థం రాసుకుంటే చరిత్ర చదివేటప్పుడు మోసపోతాం. ఈ సంగతి నాకు తంజావూరు చరిత్ర చదువుతుండగా తెలిసివచ్చింది.

'ఎర్రర్'కు మూలమైన లాటిన్ క్రియకు దారి తప్పి తిరగడమని అర్థం. 'మిస్టేక్' స్కాండినేవియా నుంచి వచ్చింది. ఒకటి తీసుకోబోయి మరొకటి తీసుకోవడం. 'బ్లండర్' అంటే పూర్వం గుడ్డిగా తడబడుతూ నడవడం. 'ఫాల్ట్' లోపాన్నీ చెబుతుంది, దానికి బాధ్యులెవరో కూడా చెబుతుంది. ఈ మాటలన్నిటి వెనుకా ఒక మనిషి కనబడతాడు. 'లాప్స్' అలాంటిది కాదు. దాని మూలార్థం జారడం. జ్ఞాపకం జారినా లాప్సే. వారసుడు లేకనో గడువు తీరో హక్కు పోయినా లాప్సే. పండు ముగ్గి రాలినట్టు హక్కు దానంతటదే రాలిపోతుంది. కోసినవాడెవడూ ఉండడు.

1848లో గవర్నర్ జనరల్‌గా వచ్చిన డల్హౌసీకి ఈ రెండో అర్థం బాగా పనికివచ్చింది. ఆ ఏడే సతారా, 1849లో సంబల్‌పూర్, 1854లో ఝాన్సీ, నాగపూర్ కంపెనీ పరమయ్యాయి. సతారాలోనూ ఝాన్సీలోనూ రాజులు దత్తత చేసుకునే కన్నుమూశారు. మన ధర్మశాస్త్రాలకు దత్తుడు కొడుకే. కంపెనీ మాత్రం ఆ దత్తతలు సింహాసనానికి చెల్లవంది.

ఇక తంజావూరు. నాయకరాజుల కాలంలోనూ తరువాత మరాఠా రాజుల కాలంలోనూ తెలుగు కావ్యాలకూ యక్షగానాలకూ నీడనిచ్చిన ఆస్థానం అది. 1799 ఒప్పందంతోనే రాజ్యపాలన కంపెనీ చేతికి పోయింది. 1855లో శివాజీ రాజు మగసంతానం లేకుండా మరణించగానే రాజపదవి కూడా ముగిసిందన్నారు. దానితోపాటు సొంత ఆస్తినీ పట్టుకున్నారు. రాణి కామాక్షీబాయి మద్రాసు సుప్రీంకోర్టుకెక్కి గెలిచింది. 1859లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ ఆ తీర్పును కొట్టివేసింది. ఆస్తిని పట్టుకోవడం రాజ్యాధికారంతో చేసిన చర్య కనుక, దాని న్యాయాన్యాయాలు విచారించే అధికారం కోర్టులకు లేదని తేల్చింది.

ఇక్కడే నేను ఆగిపోయాను. పదవి పోయినప్పుడు అది దానంతటదే జారిందన్నారు, చేసినవాడు లేడు. ఆస్తి దగ్గరికి వచ్చేసరికి అది మా చర్యే అన్నారు. చేసినవాడు ఉన్నాడు, అడిగే దిక్కు లేదు. 1862లో ప్రభుత్వమే ఆ ఆస్తిని వారసులకు తిరిగి ఇచ్చింది. పదవి మాత్రం తిరిగి రాలేదు.

ఇంతా చదివి పరాయివాణ్ణి ఒక్కణ్ణే నిందించి ఊరుకోలేకపోయాను. 'మా ఇంట్లో తెలుగు చదవడం, రాయడం పోయాయండీ' అని చాలా ఏళ్లుగా నలుగురి దగ్గరా నేనూ అంటున్నాను. ఇదీ లాప్స్ వంటి మాటే. చదువు దానంతటదే పోలేదు. సాయంత్రాలు తీరిక ఉండి కూడా పిల్లలను కూర్చోబెట్టి నేను అక్షరాలు దిద్దించలేదు. దీన్ని పొరపాటు అనను. తప్పు అనే అంటాను. తప్పయితే దిద్దుకోవలసినవాడు ఒకడు ఉంటాడు. మనవరాలికి ఈ నెలలోనే పలక కొన్నాను.