ఆగకుండా సాగే మందుల తయారీ: ఆధారాలు ఎంతవరకు?

మాత్రల తయారీలో చాలా సమయం ఎదురుచూపుకే పోతుంది. పొడులను జల్లించి, బ్లెండర్‌లో కలిపి, డ్రమ్ముల్లోకి దించి, తూచి, లేబుల్ అంటించి, శాంపిల్‌ను క్యూసీ ల్యాబ్‌కు పంపుతారు. ఫలితం వచ్చేదాకా చాలాచోట్ల ఆ డ్రమ్ములు కదలవు. గ్రాన్యులేషన్ తర్వాతా, మాత్రలు కొట్టాకా మళ్లీ ఇదే తంతు. నిరంతర తయారీలో ఈ దశలన్నీ ఒకే లైనులో కలుస్తాయి. ఒక చివర పొడి పడుతుంటే మరో చివర మాత్రలు వస్తుంటాయి.

దీనివల్ల సమయం తగ్గుతుందనడానికి మంచి ఆధారమే ఉంది. నోవార్టిస్, ఎంఐటీ 2007లో కలిసి మొదలుపెట్టిన కేంద్రం రక్తపోటు మందు అలిస్కిరెన్‌ను ఇలా తయారుచేసి, 2013లో ఫలితాలు ప్రచురించింది. బ్యాచ్ పద్ధతిలో 21 ప్రక్రియలు, 300 గంటలు పట్టే పని 14 ప్రక్రియల్లో, 47 గంటల్లో ముగిసింది. కాకపోతే అది పైలట్ ప్లాంటు, ఒకే మందు. మార్కెట్ విషయానికొస్తే, నిరంతర పద్ధతిలో తయారయ్యే సిస్టిక్ ఫైబ్రోసిస్ మందు ఓర్కాంబీకి 2015లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి దొరికింది. నా దృష్టిలో అంతకన్నా విలువైన ఉదాహరణ హెచ్‌ఐవీ మందు ప్రెజిస్టా. అప్పటికే బ్యాచ్ పద్ధతిలో తయారవుతున్న ఈ మందును ప్యూర్టో రికోలోని గురాబో ప్లాంటులో నిరంతర లైనుకు మార్చడానికి 2016లో ఎఫ్‌డీఏ ఒప్పుకుంది. మందు అదే, మారింది తయారీ పద్ధతి.

అనుమతులు త్వరగా వస్తాయన్న వాదనను మాత్రం ఆచితూచి చదవాలి. ఎఫ్‌డీఏ పరిశోధకులు 2022లో తమ రికార్డులనే పరిశీలించి, ఇలాంటి దరఖాస్తులకు అనుమతి బ్యాచ్ పద్ధతి వాటికన్నా సగటున 8 నెలలు, మధ్యగతంగా చూస్తే 3 నెలలు ముందుగా వచ్చిందని తేల్చారు. రెండు అంకెల మధ్య అంత ఎడం ఉందంటే, కొద్దిపాటి దరఖాస్తులే సగటును లాగేసి ఉండవచ్చు. పైగా దరఖాస్తుదారుల్లో ఎక్కువ మంది అనుభవమున్న పెద్ద కంపెనీలు. ఆ వేగంలో పద్ధతి వాటా ఎంతో, కంపెనీ సత్తా ఎంతో ఇంత చిన్న సంఖ్యతో విడదీయలేం.

నాణ్యత సంగతి ఫీడర్ దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది. హాపర్ తూకం మీదే ఉంటుంది. బరువు ఎంత వేగంగా తగ్గుతోందో చూసి స్క్రూ వేగాన్ని కంట్రోలర్ సరిచేస్తుంటుంది. హాపర్‌ను మళ్లీ నింపేటప్పుడు బరువు పెరుగుతుంది కాబట్టి ఆ కాసేపూ కంట్రోలర్‌కు ఆ లెక్క దొరకదు. పైనుంచి పడ్డ కొత్త పొడి కింద ఉన్నదాన్ని గట్టిపరుస్తుంది, స్క్రూ చుట్టుకు పడే పరిమాణం మారుతుంది. ఆ తేడా కొంత మిక్సర్‌లో సర్దుకుంటుంది. మిగిలినది ఎప్పుడు ఎక్కడికి చేరుతుందో లెక్కగట్టి, సమీప పరారుణ సెన్సార్‌తో సరిచూసి, హద్దు దాటిన సరుకును పక్కకు మళ్లిస్తారు. ప్రతి క్షణం నాణ్యత కంటికి కనబడుతుందనే మాట ఆ సెన్సార్ మోడల్ నిలిచినంత వరకే నిజం. ముడిపదార్థం సరఫరాదారు మారితే మోడల్‌ను మళ్లీ పరీక్షించాల్సి రావచ్చు.

మన బొల్లారం, జీడిమెట్ల, పరవాడల్లోని మందుల ఫ్యాక్టరీలకు ఈ ఆధారాలు ఎంతవరకు వర్తిస్తాయి? పైన చెప్పినవన్నీ ఖరీదైన బ్రాండ్ మందులు. ఇక్కడ చాలాచోట్ల ఒకే రియాక్టర్‌లో ఒక మందు ముగించి, కడిగి, ఇంకో మందు మొదలుపెడతారు. తక్కువ లాభంతో అమ్ముడయ్యే జెనరిక్‌లకు ఒకే మందు కోసం కట్టిన లైను గిట్టుబాటు అవుతుందని ఈ ఉదాహరణలు రుజువు చేయవు.

మన ప్రాంతానికి బలమైన వాదన ఖర్చుది కాదు, భద్రతది. నైట్రేషన్ వంటి వేడెక్కే చర్యను వేల లీటర్ల రియాక్టర్‌లో కాకుండా సన్నని గొట్టంలో, అంటే ఫ్లో రియాక్టర్‌లో, నడిపితే, ఏ క్షణంలోనైనా చర్యలో ఉండే పదార్థం చాలా కొద్ది. అయినా దీన్ని సర్వరక్షణ అనుకోకూడదు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో 17 మందిని బలితీసుకున్న ప్రమాదం లీకైన సాల్వెంట్ ఆవిరి అంటుకోవడం వల్ల జరిగింది. ఫ్లో రియాక్టర్ వచ్చినా సాల్వెంట్ ట్యాంకులు, పైపులు, వాటి ఫ్లాంజీలు ఉంటాయి.

హైదరాబాద్‌లో డాక్టర్ రెడ్డీస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లైఫ్ సైన్సెస్‌లో ఫ్లో కెమిస్ట్రీ హబ్ ఏర్పడింది. ఇలాంటి కేంద్రాల నుంచి మనకు కావలసింది విజయగాథలు మాత్రమే కాదు. ఘనపదార్థం పేరుకుని గొట్టం ఎన్నిసార్లు మూసుకుపోయింది, ఎంత సరుకు పక్కకు మళ్లించారు, అదే జెనరిక్ మందుకు బ్యాచ్‌లో కిలోకు ఎంత సాల్వెంట్ పట్టింది, ఫ్లోలో ఎంత పట్టింది: ఈ లెక్కలు అందరూ చూడగలిగేలా ప్రచురించాలి.