కాంట్రాస్ట్ మందులతో మూత్రపిండాలకు హాని

సీటీ స్కాన్, యాంజియోగ్రామ్ వంటి పరీక్షల్లో రక్తనాళాలు, అవయవాలు స్పష్టంగా కనిపించేందుకు అయోడిన్ ఉన్న కాంట్రాస్ట్ మందును రక్తనాళంలోకి ఎక్కిస్తారు. దాని తర్వాత కొందరిలో మూత్రపిండాల పనితీరు హఠాత్తుగా మందగిస్తుంది. రక్తంలో క్రియాటినిన్ 48 గంటల్లో డెసిలీటరుకు 0.3 మిల్లీగ్రాములు పెరిగినా, వారంలో మునుపటి స్థాయికి ఒకటిన్నర రెట్లు అయినా మూత్రపిండాలు దెబ్బతిన్నట్టు లెక్క. చాలామంది ఒకటి రెండు వారాల్లో కోలుకుంటారు. కొద్దిమందికి మాత్రమే డయాలసిస్ అవసరమవుతుంది.

తొలి మందులు

1895లో రాంట్‌జెన్ ఎక్స్‌రేలను కనుగొన్నాక కొద్ది వారాలకే వియన్నాలో తెగిన చేతి రక్తనాళాల్లోకి పాదరసం కలిసిన మిశ్రమాన్ని పంపి చిత్రం తీశారు. బతికున్న మనిషికి అలాంటి మందు పనికిరాదు. 1920ల తొలినాళ్లలో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు, సిఫిలిస్ రోగులకు ఇచ్చిన సోడియం అయొడైడ్ మూత్రంలోకి చేరి ఎక్స్‌రేలో కనిపించడం గమనించారు. జర్మనీలో పనిచేస్తున్న అమెరికన్ వైద్యుడు మోజెస్ స్విక్ 1929లో యూరోసెలెక్టాన్ అనే అయోడిన్ మందుతో మూత్రపిండాలను, మూత్రనాళాలను చిత్రాల్లో చూపగలిగాడు. ఈ మందులు మూత్రపిండాల గుండానే బయటికి పోతాయి. వాటి ఉపయోగానికీ, హానికీ మూలం అదే.

1950లలో ఒక్కో అణువులో మూడు అయోడిన్ పరమాణువులున్న డయాట్రిజోయేట్ వంటి మందులు వాడుకలోకి వచ్చాయి. చిత్రాలు మెరుగయ్యాయి గానీ, వాటి ఆస్మోలాలిటీ, అంటే ద్రావణం గాఢత, రక్తానికి ఐదారు రెట్లు ఉండేది.

హాని బయటపడిన తీరు

మల్టిపుల్ మైలోమా అనే రక్త క్యాన్సర్ ఉన్న ఒక రోగికి కాంట్రాస్ట్ మందుతో చేసిన ఎక్స్‌రే పరీక్ష తర్వాత మూత్రం పూర్తిగా ఆగిపోయిందని డెన్మార్క్ వైద్యులు 1954లో నివేదించారు. ఆ తర్వాత మధుమేహం, పాత మూత్రపిండ వ్యాధి ఉన్నవారిలోనూ ఇలాంటివి వెలుగుచూశాయి. చిత్రం చిక్కగా రావాలని పరీక్షకు ముందు రోగులను నీళ్లు తాగనివ్వకపోవడం అప్పటి వాడుక. ఒంట్లో నీరు తగ్గడంతో ప్రమాదం పెరిగేది. 1970లలో సీటీ స్కాన్, గుండె యాంజియోగ్రామ్‌లు వ్యాపించడంతో ఇలాంటి నివేదికలూ ఎక్కువయ్యాయి.

హాని ప్రధానంగా రెండు దారుల్లో జరుగుతుందని భావిస్తారు. మూత్రపిండం లోపలి పొరకు మామూలుగానే ఆక్సిజన్ తక్కువ అందుతుంది. కాంట్రాస్ట్ మందు వల్ల అక్కడి రక్తనాళాలు ముడుచుకుంటే ఆ కొరత ఇంకా పెరుగుతుంది. మరోవైపు మందు సూక్ష్మనాళికల కణాలను నేరుగా దెబ్బతీస్తుంది. ధమనిలోకి ఎక్కించినప్పుడు మందు గాఢంగా మూత్రపిండాలకు చేరవచ్చు కాబట్టి, సిరలోకి ఎక్కించినప్పటి కంటే ప్రమాదం ఎక్కువ.

సురక్షితమైన మందులు, నివారణ

యాంజియోగ్రామ్ సమయంలో రోగులు పడే తీవ్రమైన నొప్పికి మందు గాఢతే కారణమని స్వీడన్ రేడియాలజిస్టు టోర్స్టెన్ అల్మేన్ 1960ల చివర్లో ప్రతిపాదించాడు. అయాన్లుగా విడిపోని అణువులతో మందు తయారు చేయాలన్న అతని ఆలోచనను నార్వే సంస్థ నైగార్డ్ ఆచరణలో పెట్టింది. ఆ దారిలో వచ్చిన అయోహెక్సాల్ వంటి మందుల ఆస్మోలాలిటీ రక్తానికి రెండు మూడు రెట్లు మాత్రమే. 1990లలో వచ్చిన అయోడిక్సనాల్‌ది రక్తంతో సమానం.

మూత్రపిండాల హాని నివారణకు మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందుల కంటే సెలైన్ ఎక్కించడమే మేలని 1994లో ఒక అమెరికన్ అధ్యయనం తేల్చింది. 2000లో ఒక చిన్న పరిశోధనతో పేరు తెచ్చుకున్న ఎసిటైల్‌సిస్టీన్ అనే మందు ఏళ్ల తరబడి వాడుకలో ఉండేది. దాదాపు 5,000 మందిపై జరిగిన ప్రిజర్వ్ అధ్యయనం, ఆ మందుతో గానీ సోడియం బైకార్బనేట్‌తో గానీ అదనపు మేలు లేదని 2018లో తేల్చింది.

పునఃపరిశీలన

తొలి పరిశోధనల్లో చాలావాటికి ఒక లోపం ఉంది: మందు తీసుకోని రోగులతో పోల్చిచూడలేదు. కాంట్రాస్ట్ మందే తీసుకోని 32 వేలకు పైగా ఆసుపత్రి రోగుల్లో సగానికి మించి క్రియాటినిన్ కనీసం 25 శాతం మారిందని 2008లో ఒక అమెరికన్ అధ్యయనం చూపింది. నీరు తగ్గడం, ఇన్ఫెక్షన్లు, ఇతర మందుల వల్ల వచ్చిన మార్పును కూడా కాంట్రాస్ట్ ఖాతాలో వేస్తున్నారని స్పష్టమైంది. అందుకే ఇప్పుడు మందు తర్వాత కనిపించిన హానినీ, మందు వల్లే వచ్చిన హానినీ వేరుగా చూస్తున్నారు.

ప్రస్తుత వైద్య విధానం

అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ, నేషనల్ కిడ్నీ ఫౌండేషన్ 2020లో కలిసి ఇచ్చిన ప్రకటన ప్రకారం, సిరలోకి మందు ఎక్కించేటప్పుడు ప్రధానంగా జాగ్రత్త పడాల్సింది రెండు వర్గాల వారు: మూత్రపిండాల వడపోత రేటు నిమిషానికి 30 మిల్లీలీటర్ల లోపు ఉన్నవారు, అప్పటికే మూత్రపిండాలు హఠాత్తుగా దెబ్బతిన్నవారు. వీరికి పరీక్షకు ముందూ తర్వాతా సెలైన్ పెడతారు. మందు మోతాదు వీలైనంత తగ్గిస్తారు. మూత్రపిండాలకు భారమయ్యే నొప్పి మాత్రలను ఆపుతారు. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ మూత్రపిండాలను దెబ్బతీయదు. అయితే మూత్రపిండాలు మందగిస్తే అది ఒంట్లో పేరుకునే ప్రమాదం ఉంది కాబట్టి, ఇలాంటి రోగుల్లో దాన్ని ఆపి, 48 గంటల తర్వాత పనితీరు చూసి మళ్లీ మొదలుపెడతారు. ప్రాణాపాయ స్థితిలో రోగనిర్ధారణకు స్కాన్ తప్పనిసరైతే, మూత్రపిండాల భయంతో దాన్ని ఆపరు.