ఎముక కంటే ముందు రక్తంలోనే

నెల్లూరు జిల్లా ఉదయగిరి, ఆత్మకూరు మెట్టపల్లెల్లో ఫ్లోరైడ్ నీళ్ల గురించి కొత్తగా చెప్పాల్సింది లేదు. పిల్లలకు గారపళ్లు. పెద్దవాళ్లకు పట్టేసిన నడుం, పక్కకి చూడాలంటే ఒళ్లంతా తిప్పాల్సిన మెడ.

ఈ జబ్బు ఆనవాలు మొదట పట్టింది రైతులే. 1930ల్లో ఎద్దులు కాళ్లు బిగుసుకుపోయి కాడికి పనికిరాకుండా పోయాయి. మనుషుల్లోనూ ఇదే ఉందని, దీనికి కారణం ఫ్లోరిన్ అని 1937లో నెల్లూరు జిల్లా రోగులను చూసి తేల్చినవాడు హెచ్.ఇ. షార్ట్. ఆయన అప్పుడు మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టరు.

సరిగ్గా దానికి ఏడాది ముందు స్వీడన్‌లోని ఉప్సలాలో గున్నర్ బ్లిక్స్ పశువుల లాలాజల గ్రంథి జిగురు నుంచి ఒక పదార్థాన్ని వేరుచేశాడు. 1952లో దానికి సయాలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. మన రక్తంలోని చాలా ప్రోటీన్లకు చక్కెర గొలుసులు అతుక్కుని ఉంటాయి. ఆ గొలుసుల కొసన తరచుగా ఉండేది ఈ ఆమ్లమే. కీళ్లలోని మృదులాస్థిలో, ఎముకలో మరో రకం గొలుసులున్నాయి, చాలా పొడవైనవి: గ్లైకోసమినోగ్లైకాన్లు. ఈతమట్టకు రెండు పక్కలా ఆకులున్నట్టు ఇవి ఒక ప్రోటీను పొడవునా బారులు తీరి నీటిని పట్టి ఉంచుతాయి. ఫ్లోరైడ్ ఎక్కువైతే వీటి అమరిక చెడుతుంది.

గ్రంథి జిగురుకీ నెల్లూరు ఎద్దుకీ సంబంధం కుదరడానికి దాదాపు అర్ధశతాబ్దం పట్టింది. 1980ల మొదట్లో ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎ.కె. సుశీల బృందం కుందేళ్ల రక్తంలోనూ మనుషుల రక్తంలోనూ సయాలిక్ ఆమ్లాన్నీ గ్లైకోసమినోగ్లైకాన్లనీ కొలిచింది. ఫ్లోరైడ్ ఎక్కువగా ఒంట్లోకి వెళ్లినప్పుడు గ్లైకోసమినోగ్లైకాన్లతో పోలిస్తే సయాలిక్ ఆమ్లం నిష్పత్తి పడిపోతోంది. ఇది నాకు గొప్ప సంగతిగా తోస్తుంది. ఎక్స్‌రేలో తేడా కనిపించేసరికి ఎముక అప్పటికే మారిపోయి ఉంటుంది. ఆ మార్పుని వెనక్కి తిప్పే మందు లేదు. రక్తం ముందే చెబితే తాగే నీళ్లన్నా మార్చుకోవచ్చు.

ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన బోరు నీళ్లు తాగే ప్రతి ఊళ్లోనూ, గారపళ్లు కనిపించిన బడిపిల్లలకు ఇలాంటి రక్తపరీక్ష అందాలి. నడుం వంగాక తీసే ఎక్స్‌రే వాళ్లకి అక్కరకు రాదు.