సామర్లకోట తోట నుంచి మన ప్రహరీ దాకా

1781లో సామర్లకోటకు ఒక స్కాట్లండ్ వైద్యుడు మకాం మార్చాడు. పేరు విలియం రాక్స్‌బర్గ్. ఈస్టిండియా కంపెనీ కొలువులో మద్రాసుకు వచ్చి అప్పటికి ఐదేళ్లయింది. జీతం వైద్యానికి, మనసంతా మొక్కల మీద. 1793 దాకా ఆయన ఇక్కడే ఉన్నాడు. నేటి కాకినాడ జిల్లాలోని ఈ ఊళ్లో ఆయన వేసిన తోటలో మిరియపు తీగలు, కాఫీ, దాల్చిన, జాఫ్రా, సీమ పనస పెరిగేవి. కంపెనీ ఆ తోట నుంచి ఏమి ఆశించిందో ఆ పేర్లే చెబుతాయి. చెట్టు అంటే ఆదాయం.

రాక్స్‌బర్గ్ మాత్రం అక్కడితో ఆగలేదు. రోజూ వాన, గాలి లెక్కలు రాసుకునే అలవాటున్న మనిషి కాబట్టి, 1789లో మొదలై మూడు నాలుగేళ్ల పాటు ఉత్తర సర్కారులను పీడించిన కరువును అంకెల్లోనూ చూశాడు, కళ్లారా కూడా చూశాడు. కొబ్బరి, తాటి, పనస, సీమ పనస వంటి చెట్లు ఊరూరా నాటిస్తే వానలు తప్పిన ఏడాది జనం ప్రాణాలు నిలుస్తాయని పైవాళ్లకు రాశాడు. ఎండిన చేను వెంట నడిచినవాడు కాబట్టే ఆ మాట రాయగలిగాడు.

ఆయన మనకు చేసిన మేలు ఇంకొకటుంది. ఈ తీరపు మొక్కలను స్థానిక చిత్రకారుల చేత గీయించి, వర్ణనలు రాసి లండన్ పంపాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆ గ్రంథం మూడు సంపుటాలుగా, 300 బొమ్మలతో 1795 నుంచి 1820 వరకు వెలువడింది. తన వృక్షశాస్త్ర రచనల్లో లాటిన్ పేర్ల పక్కన తెలుగు పేర్లనూ పదిలంగా రాసిపెట్టాడు. బొమ్మలు గీసిన చేతులెవరివో మాత్రం మనకు దక్కలేదు. ఆకు ఈనె ఈనెనూ చూసి గీసిన ఆ మనుషుల పేర్లు పోవడం పెద్ద లోటు.

1793లో రాక్స్‌బర్గ్ కలకత్తా వృక్షోద్యానానికి అధిపతిగా వెళ్లాడు. కొన్నాళ్లకే అశోక వృక్షాన్ని పాశ్చాత్య శాస్త్రానికి పరిచయం చేస్తూ, సంస్కృత పండితుడు సర్ విలియం జోన్స్ గౌరవార్థం దానికి ‘జోనేషియా అశోక’ అని నామకరణం చేశాడు. తర్వాతి శాస్త్రజ్ఞులు జోన్స్ పేరు తీసేసి ‘సరాకా’ చేర్చారు. ‘అశోక’ మాత్రం అలాగే నిలిచింది.

మనవాళ్లకు ఆ చెట్టు కొత్త కాదు. సీతమ్మ శోకించింది ఆ చెట్ల వనంలోనే. పడుచు పాదం తాకితే అశోకం పూస్తుందన్న కవిసమయం మీదే కాళిదాసు ‘మాళవికాగ్నిమిత్రం’లో కథను మలుపు తిప్పాడు. పెరట్లో చెట్టును అందం కోసం, అభిమానం కోసం నాటుకోవడం తెలుగు కావ్యానికే కథావస్తువైంది. నంది తిమ్మన ‘పారిజాతాపహరణం’లో గొడవంతా పారిజాతం ఎవరికి దక్కాలన్నదే కదా! పారిజాతం, పొగడ, సంపెంగ, దేవకాంచనం మన ఇళ్ల పాత చుట్టాలు. సింహాచలం సంపెంగల పేరు ఉత్తరాంధ్రలో తెలియనివారుండరు.

ఈ వరసలోకి సముద్రం దాటి ఒక చెట్టు వచ్చి అందరి కళ్లనూ తనవైపు తిప్పుకుంది. అది ఎర్ర తురాయి, గుల్‌మొహర్. మారిషస్‌లో ఉంటూ పనిచేసిన ప్రకృతి శాస్త్రజ్ఞుడు వెంజెల్ బోయెర్ మడగాస్కర్‌లో దాన్ని చూశాడు. 1829లో దాని బొమ్మ, వర్ణన లండన్‌లో అచ్చయ్యాయి. ఆ తర్వాత కొద్ది దశాబ్దాల్లోనే అది ఉష్ణమండలమంతా అల్లుకుంది. కంటోన్మెంట్లు, కలెక్టరు బంగళాలు, కళాశాల ఆవరణలు, రైల్వే కాలనీలు ఎక్కడ చూసినా అదే. రోహిణీ కార్తె ఎండల్లో ఆకుకంటే పువ్వు ఎక్కువై నిలబడే ఆ చెట్టును ప్రేమించనివారెవరు?

అయితే అది ఎలాంటి చోటు కోసం వచ్చిందో గుర్తుపెట్టుకోవాలి. వెడల్పాటి రోడ్డు, విశాలమైన ఆవరణ దాని స్థానం. ఏ చోటుకు ఏ చెట్టన్న ఎంపికనే ఒక కళగా మార్చినవాడు గుస్తావ్ హెర్మన్ క్రుంబీగెల్. జర్మనీలో డ్రెస్డెన్ దగ్గర పుట్టి, లండన్ క్యూ ఉద్యానంలో పనిచేసి, 1893లో బరోడా సంస్థానానికి వచ్చాడు. 1908లో మైసూరు మహారాజు పిలుపుపై బెంగళూరు లాల్‌బాగ్‌కు చేరాడు. ఒక వీధి పూత ముగిసేసరికి మరో వీధిలో పూత మొదలవ్వాలని ఆయన పట్టుదల. ఏ నెలలో ఏది పూస్తుందో చూసుకుని వీధికొక జాతి చొప్పున నాటించాడు. ఈనాటికీ బెంగళూరు ఏడాది పొడవునా ఏదో ఒక రంగులో ఉండటం ఆయన చలవే. 1956లో ఆ నగరంలోనే కన్నుమూశాడు.

క్రుంబీగెల్ పద్ధతి మన పెరటికీ పనికొస్తుంది, ఆయన చెట్లు అన్నీ పనికిరావు. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ ఊదారంగు మబ్బులా పూసే జకరండాను విజయవాడలోనో కాకినాడలోనో పెడితే అంత పూత రాదు. అక్కడి నుంచి ముచ్చటపడి మొక్క తెచ్చుకునేవాళ్లు ముందు ఈ తేడాను లెక్కలోకి తీసుకోవాలి.

కొలతల సంగతి ఇంకా ముఖ్యం. మన ఊళ్లలో ఇప్పుడు మామూలు ఇంటి స్థలం 200 గజాలు. అంటే ముప్పై అడుగుల వెడల్పు, అరవై అడుగుల పొడవు. ఎదిగిన తురాయి గొడుగు ఒక్కటే ముప్పై అడుగులు దాటిపోతుంది. దాని వేళ్లు లోతుకు పోవు, పైపైనే పరుచుకుంటాయి. కొమ్మలు పెళుసు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు ఇలాంటి భారీ పూల చెట్లు ఎన్ని నేలకొరిగాయో ఆ నగరవాసులకు తెలుసు. తురాయి చెడ్డ చెట్టని కాదు, 200 గజాల చెట్టు కాదు.

ఇళ్ల మధ్య జాగా తగ్గినకొద్దీ జనం సన్నగా నిటారుగా పెరిగేదాని కోసం వెతికారు. అప్పుడు దొరికింది నరమామిడి. దక్షిణ భారతం, శ్రీలంకల సొంత చెట్టు. అడవిలో ఇది కొమ్మలు చాచుకుని పెరుగుతుంది. ఉద్యానాలవాళ్లు ఏరి పెంచిన రకం కొమ్మలు కిందికి వాలి, స్తంభంలా లేస్తుంది. ఏడాదంతా పచ్చగా ఉంటుంది, త్వరగా ఎదుగుతుంది, ప్రహరీ పక్కన నాలుగడుగుల్లో ఒదిగిపోతుంది. పళ్లకు కోకిలలు, గబ్బిలాలు వస్తాయి. దాని గుణాలు దానికి ఉన్నాయి, తీసిపారేయనక్కరలేదు. బాధేమిటంటే అది ‘అశోక’ పేరుతోనే అమ్ముడైంది. రెండు మూడు తరాల తర్వాత అసలు అశోకం ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు తగ్గిపోయారు. ఈ గందరగోళం మందుల దుకాణం దాకా పాకింది. అశోకారిష్టానికి కావలసిన అశోక బెరడులో నరమామిడి బెరడు కలుస్తోందని ఔషధ పరిశీలనలు పదేపదే చెబుతున్నాయి. అసలు చెట్టు అడవుల్లో అరుదైపోయి, ముప్పు ఉన్న జాతుల జాబితాలో చేరింది.

ఇటీవలి ఎంపికలు మరీ తొందరవి. సోమాలియా, యెమెన్ ప్రాంతాల కోనోకార్పస్ వేగంగా పెరుగుతుందని తెలంగాణలో రోడ్డు డివైడర్ల మీద, ఊరి తోటల్లో విరివిగా నాటారు. వేళ్లు పైపుల్లోకి దూరడం, పుప్పొడి భయం బయటపడ్డాక నాటవద్దన్నారు. గుజరాత్ 2023లో నిషేధించింది. హుద్‌హుద్ తర్వాత పచ్చదనం త్వరగా తిరిగి రావాలని విశాఖ వీధుల్లో ఏడాకుల పాలను వరుసగా నాటారు. అది మన చెట్టే, విశ్వభారతి స్నాతకోత్సవంలో పట్టాతోపాటు దాని ఆకులను ఇచ్చేంత గౌరవం ఉన్న చెట్టు. కానీ చలికాలం మొదట్లో రాత్రిపూట వందల చెట్లు ఒక్కసారిగా పూసి ఆ ఘాటు వాసన పడకగదుల్లోకి వస్తే ఆయాసం ఉన్నవాళ్లు తట్టుకోలేకపోయారు. అడవిలో ఒక్కటిగా నిలిచే చెట్టును వీధంతా నాటడమే పొరపాటు.

మరి ఇంటికి ఏది? నా మాట అడిగితే, నీడా నీటి వసతీ ఉన్న కోస్తా ఇళ్లకు అసలు అశోకాన్నే చెబుతాను. ముప్పై అడుగులకు మించి పెరగడం అరుదు. మాఘం నుంచి చైత్రం దాకా ముదురు కొమ్మల మీద, కాండం మీదే గుత్తులు పూస్తాయి. మొదట నారింజ రంగు, రోజులు గడిచేకొద్దీ ఎరుపు. పూత లేనప్పుడు కూడా రాగి రంగు లేత చిగుళ్లు కుచ్చుల్లా వేలాడుతూ కన్నులపండువగా ఉంటాయి. పడమటి ఎండ తగలని చోట, గోడకు పదడుగుల దూరంలో, సంపుకీ మురుగు పైపులకీ ఎడంగా నాటాలి. మొదటి రెండు మూడు వేసవుల్లో పాదు ఎండనివ్వకూడదు. ఎదుగుదల నెమ్మది, ఓపిక కావాలి.

రాయలసీమ, తెలంగాణ మెట్ట నేలల్లో అశోకం కోసం పట్టుబట్టడం దండగ. అక్కడ రేల హాయిగా బతుకుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆకు రాల్చి పసుపు పూల జాలరు దించుతుంది. చిన్న పెరడైతే పారిజాతం, దేవకాంచనం. పొగడ చివరకు పెద్ద చెట్టే, కానీ అంత ఎదగడానికి చాలా ఏళ్లు తీసుకుంటుంది, కత్తిరింపును ఓర్చుకుంటుంది.

సామర్లకోటకు ఎంతో దూరం లేని కడియం నర్సరీల్లో వేల రకాలు దొరుకుతాయి. అక్కడికి వెళ్లి ‘అశోక మొక్క ఉందాండీ?’ అంటే చాలాసార్లు చేతికొచ్చేది నరమామిడే. ‘సీత అశోక కావాలండీ’ అనాలి. ఇచ్చిన మొక్క ఆకు చూడండి. అంచులు అలలు తిరిగిన పొడవాటి ఒంటి ఆకైతే నరమామిడి. ఒకే కాడకు నాలుగు నుంచి ఆరు జతల చిన్నాకులు ఉంటే అశోకం. దాని గింజలు ఎక్కువ కాలం నిల్వ ఉండవు, రాలిన వెంటనే నాటితేనే మొలుస్తాయి. కాబట్టి ఊళ్లో ఎవరింట్లోనైనా చెట్టు కనిపిస్తే, కాయలు పండే రోజుల్లో అడిగి ఓ గుప్పెడు తెచ్చుకుని ఆ వారమే మట్టిలో వేయండి.